పోనీ పగ్గం ఎవరి చేతిలో ఉండాలి?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. అందులో ముఖ్యమైనంత వరకు చెబుతాను.

ఆమెకు, వాళ్ల అన్నయ్యకు కలిపి ఒక ఆడ పోనీ, అంటే పొట్టి జాతి గుర్రం, ఉంది. తల్లిపాలు మాన్పించిన కొత్తలో ఇద్దరూ చెరి సగం డబ్బు పెట్టి కొన్నారు. దాణా, వైద్యం ఖర్చులు అన్నయ్యవి. పెంపకం మొత్తం ఈమెది. ఒళ్లు రుద్దడం, గిట్టలు ఎత్తి శుభ్రం చేయడం, జబ్బు చేస్తే రాత్రంతా పక్కన కూర్చోవడం అన్నీ తనే. ‘పగ్గం లేకపోయినా నా వెనకే తిరుగుతుంది’ అని రాశారు. ఇప్పుడు దానికి మూడేళ్లు. ఇంకా స్వారీ మొదలుపెట్టలేదు కాబట్టి, మనిషి ఎక్కకుండా పక్కన నడిపిస్తూ చూపించే ‘ఇన్ హ్యాండ్’ పోటీకి పేరు ఇచ్చారు. ఇద్దరికీ అదే మొదటి పోటీ.

అందరితో పాటు రింగ్‌లో, అంటే పోటీ బరిలో, చుట్టూ నడిచినంతసేపు బాగానే ఉందట. వరసలో నిలబడ్డాక పోనీ తల తెచ్చి ఈమె భుజానికి రుద్దుకుంటూ ఉందట. తమ వంతు వచ్చింది. దూరంగా నడిపించుకెళ్లి, ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో, తిరిగి తీసుకురమ్మని జడ్జి చెప్పారు. పోనీ వరస వదిలి కదల్లేదు. ఈమె పగ్గం లాగారు. అది ఇంకా బిగుసుకుపోయింది. ఈమె వెనక్కి తిరిగి, దాని మొహంలోకి చూస్తూ లాగారు. అది వెనక్కి నడిచింది. ఎలాగో కదిలించి తీసుకెళ్తే మలుపులో ఈమె పాదం తొక్కింది. గట్టు మీద ఎవరో నవ్వారు. చివరి స్థానం వచ్చింది. పోటీ అయ్యాక జడ్జి దగ్గరికి వచ్చి, ‘పోనీ చక్కగా ఉందమ్మా, నన్ను చూడనివ్వలేదు, అంతే’ అన్నారట.

ఆ మాట అన్నయ్య కూడా విన్నాడు. ఇంకో మూడు నెలల్లో మరో పోటీ ఉంది. దానికి పోనీని తనకు తెలిసిన ఒక హ్యాండ్లర్‌కు, అంటే పోటీల్లో గుర్రాలను నడిపించి చూపించే మనిషికి, అప్పగించాలని పట్టుబడుతున్నాడు. ఆయన రెండు నెలలు తన దగ్గరే ఉంచుకుంటాడట. బయటికి వదలకుండా లాయంలోనే కట్టేస్తే రింగ్‌లో హుషారుగా ఉంటుందని, మూతి మీది మీసాలు గొరిగితే మొహం తీరుగా కనిపిస్తుందని, ఇంకా ఒళ్లు చేయాలని ఆయన సలహా. అన్నయ్య ఈలోపే దాణా రెట్టింపు చేశాడు. ‘పగ్గం వదిలేస్తే నా బిడ్డను ఇచ్చేసినట్టుంది. పట్టుబడితే మళ్లీ ఓడిపోయి దానికి చెడ్డపేరు తెస్తానేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?’ అని అడిగారు. చివర్లో, సంతకానికి ముందు, ఒక్క వాక్యం: ‘గెలిచాక అమ్మేద్దామని అన్నయ్య మనసులో ఉందేమో, అడగలేదు.’

మీ ఉత్తరం చదివాక నాకు ముందుగా అనిపించింది, ఆ జడ్జి మాటను మీరిద్దరూ తప్పుగా విన్నారని. ‘మా చెల్లెలి వల్ల పోయింది’ అని మీ అన్నయ్యకు వినిపించింది. ‘నా వల్ల పోయింది’ అని మీకు వినిపించింది. జడ్జి చెప్పింది మాత్రం పోనీ గురించి. ఇన్ హ్యాండ్ పోటీలో ఒక్కో గుర్రానికి జడ్జి దగ్గర ఉండే సమయం రెండు మూడు నిమిషాలు. ఆ కాస్తలో ఆయన శరీర నిర్మాణం చూడాలి, జాతి లక్షణాలు చూడాలి, కాళ్లు తిన్నగా పడుతున్నాయా లేదా అని ముందు నుంచీ వెనక నుంచీ పక్క నుంచీ చూడాలి, స్వభావం కూడా చూడాలి. నడక చూడనివ్వని గుర్రం ఎంత బాగున్నా ఆయన పైన నిలబెట్టలేరు. నిలబెడితే మిగతావాళ్లకు అన్యాయం. అయినా ఆయన పని కట్టుకుని మీ దగ్గరికి వచ్చి ఆ మాట చెప్పారంటే, మళ్లీ చూడాలనిపించే జంతువే అది. చివరి స్థానంలో నిలిచిన అందరి దగ్గరికీ జడ్జిలు నడిచి రారు.

మీరు ఒకే ప్రశ్న అడిగారు గానీ ఆ ముడిలో మూడు పోగులున్నాయి. రింగ్‌లో పగ్గం ఎవరు పట్టుకోవాలన్నది ఒకటి. పోటీ పేరు చెప్పి ఆ పోనీ ఒంటికి ఏమేం చేయవచ్చన్నది వేరే. చివరికి దాన్ని ఉంచుకుంటారా అమ్ముతారా అన్నది ఇంకా వేరే. మొదటిదాంట్లో మీరు ఎంతైనా సర్దుకోవచ్చు. రెండోదాంట్లో సర్దుకోకూడదు. మూడోది మీరిద్దరూ ఇంతవరకు మాట్లాడుకోనేలేదు. మీరు మొదటిదాని మీద పోట్లాడుతున్నారు, రెండోది చూస్తూ ఊరుకున్నారు. నన్ను అడిగితే ఇది తిరగబడాలి.

ముందు రింగ్‌లో ఏం జరిగిందో చూద్దాం. అది అవమానమని మీరు అనుకుంటున్నారు. నాకు అందులో కారణం కనిపిస్తోంది, అదీ మీ ఉత్తరంలోనే. ‘నా వెనకే తిరుగుతుంది’ అన్నారు కదా. మూడేళ్లుగా ఆ పోనీ నేర్చుకున్నది అదే. మీరు ముందు, అది వెనక. రింగ్‌లో కావలసింది వేరు. అక్కడ మీరు దాని ఎడమ భుజం పక్కన ఉండాలి, అది మీతో సమంగా ముందుకు సాగాలి. మీ కన్నా ముందుకు అడుగు వేయమని దానికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. పైగా మీరు వెనక్కి తిరిగి ఎదురుగా నిలబడ్డారు. గుర్రానికి, పోనీకి ఎదురుగా నిలబడిన మనిషి అంటే ఆగమని అర్థం. పగ్గం రమ్మంటోంది, మీ ఒళ్లు ఆగమంటోంది. అది వెనక్కి నడవక ఏం చేస్తుంది? మొండితనమని మీ అన్నయ్య అన్నారట. నాకైతే ఆ క్షణంలో అంతకన్నా తెలివైన పని దానికి ఇంకొకటి లేదనిపిస్తోంది.

వరస వదిలి కదలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. గుర్రాలు మందలో బతికే జంతువులు. పక్కన నాలుగు గుర్రాలు నిలబడి ఉంటే, వాటిని వదిలి ఒంటరిగా ఖాళీ జాగాలోకి వెళ్లడం వాటికి చిన్న విషయం కాదు. చేతిలో పెరిగిన పిల్ల అయినా సరే. అందుకే ఇంటి దగ్గర ఒంటరిగా చక్కగా నడిచే గుర్రం కూడా రింగ్‌లో మొరాయిస్తుంది. దీనికి మందు ఇంటి దగ్గరే వేయాలి. ఇంకో గుర్రం దొరికితే దాని పక్కన నిలబెట్టి, అక్కడి నుంచి పది అడుగులు దూరం తీసుకెళ్లి మళ్లీ తీసుకురావడం. కొన్నాళ్లకు ఇరవై అడుగులు. వెళ్తే తిరిగి వస్తామని దానికి అర్థమవ్వాలి.

ఇక భుజానికి తల రుద్దుకోవడం. మీకు అది ముద్దు. నాకూ ముద్దే. కానీ రింగ్‌లో తల వాల్చి మీ మీద ఒరిగిన పోనీ మెడ పొట్టిగా కనిపిస్తుంది, భుజం కనిపించదు, నిలబడిన తీరే పాడవుతుంది. పాదం తొక్కడం కూడా ఇందులో భాగమే. మీ చుట్టూ మీదంటూ కొంత జాగా ఉందని దానికి తెలియదు. చేత్తో పెంచిన పిల్లల్లో ఇది చాలా మామూలు. దీన్ని సరిచేస్తే ప్రేమ తగ్గుతుందని భయపడకండి. తల దగ్గరికి తెచ్చినప్పుడల్లా నెమ్మదిగా అవతలికి జరిపి, మెడ చివర, వీపు మొదలయ్యే చోట గోకండి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గీరుకునేది అక్కడే. అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చూశారు కూడా. చేత్తో తినిపించడం మాత్రం మానేయండి, వేళ్లు వెతుక్కునే అలవాటు అక్కడే మొదలవుతుంది.

మూడు నెలల్లో ఇదంతా నేర్పగలరా అంటే, నేర్పగలరు. రోజూ గంటలు గంటలు అక్కర్లేదు. పది పదిహేను నిమిషాలు చాలు, బాగా చేసిన చోట ఆపేయాలి. మొదట ఒక గోడ వెంటో కంచె వెంటో నడిపించండి. అటు పక్కకు తొలగడానికి వీలుండదు కాబట్టి నడక తిన్నగా వస్తుంది. పగ్గం కుడిచేత్తో పట్టుకోండి, మిగిలిన పగ్గమూ సన్నని బెత్తమూ ఎడమచేతిలో. పగ్గాన్ని చేతికి చుట్టుకోవద్దు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, అది బెదిరి పరుగెత్తితే మీ చేయి దానితో పాటే పోతుంది. నోటితో ఒక మాట చెప్పి, మీ చూపు ముందుకు పెట్టి నడక మొదలుపెట్టండి. కదలకపోతే లాగకండి, వెనక్కి చూడకండి. మీ వీపు వెనక నుంచి ఎడమచేతి బెత్తంతో దాని డొక్క దగ్గర తాకించండి. కొట్టడం కాదు, తాకించడం. మొదట్లో ఇంకొకరు కాస్త దూరంగా వెనకాల నడిస్తే ఇంకా తేలిక. అది ఒక్క అడుగు ముందుకు వేయగానే పగ్గం పూర్తిగా వదులు చేయండి. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి వల్ల కాదు, ఒత్తిడి పోయిన క్షణం వల్ల.

ట్రాట్ కూడా ఇలాగే, రెండు మూడు అడుగులతో మొదలు. ఇందులో ఒక ఇబ్బంది ఎవరూ ముందుగా చెప్పరు, మీరు పరిగెత్తాలి. చిన్న చిన్న అడుగులతో తడబడుతూ పరిగెడితే పోనీ కూడా అడుగు కురచ చేస్తుంది. మోకాళ్లు ఎత్తి, పొడుగాటి అంగలతో దాని భుజం పక్కనే ఉండాలి. అందుకే ఈ పోటీలకు వెళ్లేవాళ్లు గుర్రంతో పాటు తామూ తయారవుతారు. జారని బూట్లు, గ్లవ్స్, శరీరానికి అతికిన బట్టలు ఇందుకే, అందం తర్వాత. హెల్మెట్ పెట్టుకోండి, మీ పోటీ నియమాల్లో లేకపోయినా సరే.

పాదం తొక్కిన మలుపు గురించి కూడా చెబుతాను. మీరు దాన్ని మీ వైపుకు తిప్పుకుని ఉంటారు, చాలామంది అదే చేస్తారు. చివరికి వెళ్లాక వేగం తగ్గించి, దాన్ని మీ నుంచి అవతలికి, అంటే కుడివైపుకు నెడుతూ తిప్పాలి. మీరు బయటి వైపు నడుస్తారు. అప్పుడు దాని వెనక కాళ్లు అదుపులో ఉంటాయి, మీ పాదాలు మీకు దక్కుతాయి, జడ్జికి మీరు అడ్డురారు. చుట్టూ నడిచేటప్పుడు గడియారం తిరిగే వైపుకే నడిపించమనడంలోనూ కారణం ఇదే. మీరు ఎడమ పక్కన ఉంటారు, జడ్జి మధ్యలో ఉంటారు, గుర్రం ఆయనకు పూర్తిగా కనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు జడ్జి వైపు తిన్నగా రండి, కానీ దాని తలను బిగపట్టకండి. తల ఒక పక్కకు లాగితే కాళ్లు వంకరగా పడుతున్నట్టు కనిపిస్తాయి. లేని లోపాన్ని మన చేత్తో మనమే చూపించినట్టు అవుతుంది.

నిలబెట్టడం జాతిని బట్టి మారుతుంది. కొన్ని తరగతుల్లో జడ్జి ఉన్న పక్క నుంచి చూస్తే నాలుగు కాళ్లూ విడివిడిగా కనిపించేలా, దగ్గరి ముందుకాలు కాస్త ముందుకు, దగ్గరి వెనకకాలు కాస్త వెనక్కి ఉంచుతారు. అమెరికాలో క్వార్టర్ హార్స్ జాతి గుర్రాలను నాలుగు మూలలా నాలుగు కాళ్లతో చతురస్రంగా నిలబెడతారు. జూలు అల్లడం కూడా అంతే, అరబ్ గుర్రాలకూ బ్రిటన్‌లోని వెల్ష్ వంటి స్థానిక పోనీ జాతులకూ జూలు అల్లరు, అక్కడే హంటర్‌లకు, అంటే వేట స్వారీ తరహా గుర్రాలకు, అల్లుతారు. మీ తరగతి నియమాల కాగితం తెప్పించుకుని చదవండి, కళ్లెం ఎలాంటిది ఉండాలో కూడా అందులో ఉంటుంది.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు ఓడింది నేర్చుకోదగిన పనిలో. గుర్రం నాణ్యత వేరు, చూపించే నేర్పు వేరు. అమెరికాలో ఈ రెంటికీ వేరువేరు పోటీలే ఉన్నాయి. ‘హాల్టర్’ తరగతిలో గుర్రాన్ని చూస్తారు, ‘షోమన్‌షిప్’ తరగతిలో మార్కులు పగ్గం పట్టుకున్న మనిషి నేర్పుకే. అంటే ఆ నేర్పు పుట్టుకతో వచ్చేది కాదని అక్కడివాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారన్నమాట.

ఇప్పుడు మీరు చూస్తూ ఊరుకున్న విషయానికి వస్తాను. దాణా. మీ అన్నయ్యను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. షోలలో బొద్దుగా ఉన్న గుర్రాలు గెలవడం ఆయన చూసే ఉంటారు. చాలా చోట్ల కొవ్వును కండ అనుకుని మార్కులు వేసిన కాలం ఉంది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ పోనీల శరీరం తక్కువ తిండితో బతకడానికి అలవాటు పడినది. వాటికి ఒళ్లు ఊరికే వస్తుంది, పోవడం మాత్రం కష్టం. ఒళ్లు పెరిగిన పోనీకి ఉన్న పెద్ద ప్రమాదం లామినైటిస్. గిట్ట లోపలి ఎముకను గిట్ట గోడకు పట్టి ఉంచే పొరలు దెబ్బతినే జబ్బు అది. ముదిరితే ఆ ఎముక కొన గిట్టలోనే కిందికి తిరుగుతుంది, లేదా ఎముక మొత్తం కిందికి దిగిపోతుంది. అక్కడి నుంచి కోలుకోని గుర్రాలు చాలా ఉన్నాయి. ఒకసారి వచ్చి తగ్గినా మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది. అలాంటి పోనీకి షో కెరీరూ ఉండదు, అమ్మకం ధరా ఉండదు. మీ అన్నయ్యకు డబ్బు లెక్కే ముఖ్యమైతే, ఆ లెక్క ప్రకారం కూడా ఆయన చేస్తున్నది నష్టమే.

గిట్టలు వేడిగా అనిపించినా, మలుపు తిరగడానికి ఇబ్బంది పడినా, ముందుకాళ్లు ముందుకు చాచి బరువు వెనక్కి వేసి నిలబడినా, గిట్టకు కాస్త పైన కాలి నాడి గట్టిగా కొట్టుకుంటున్నా అది అత్యవసరం. రేపు చూద్దాం అనుకోకండి. మూడేళ్ల వయసులో అది ఇంకా ఎదుగుతోంది, అతిగా మేపితే కీళ్ల మీద కూడా భారం పడుతుంది.

మీరు ‘లావైపోయింది’ అంటే అన్నయ్య ‘ఇంకా సన్నగానే ఉంది’ అంటారు, అది తెమలదు. అందుకే కళ్లతో కాకుండా చేతులతో కొలిచే పద్ధతి ఒకటి ఉంది. 1983లో అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో డాన్ హెన్నెకె తయారుచేసిన ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉండే స్కోరు. మెడ పైభాగం, వీపు మొదలు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు, ఈ ఆరు చోట్ల తడిమి చూస్తారు. 5 అంటే మధ్యస్థం. పక్కటెముకలు కంటికి కనిపించవు, చేతికి తేలిగ్గా తగులుతాయి. 7కు వచ్చేసరికి ఎముకల మధ్య కొవ్వు నిండిపోతుంది. పశువైద్యుడి చేత ఈ స్కోరు వేయించండి. ఆయన చెప్పిన అంకె మీదిగానీ మీ అన్నయ్యదిగానీ కాదు, అందుకే ఇద్దరూ ఒప్పుకోగలరు. జడ్జి మెచ్చే మెరుపు, నిండుతనం రావాలంటే దారి వేరే ఉంది. రోజూ రుద్దడం, నట్టలకు మందు వేళకు వేయించడం, పళ్లు చూపించడం, ఎత్తుపల్లాల నేల మీద చేత్తో నడిపించడం. ఇందులో చాలా భాగం మీరు ఇప్పటికే చేస్తున్నారు.

లాయంలో కట్టేస్తే హుషారు వస్తుందన్న మాటలో నిజం ఉంది, ఆ హుషారు ఎటు పోతుందో మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. రెండు నెలలు కదలకుండా ఉన్న పోనీ రింగ్‌లోకి వచ్చి ముంగాళ్లు ఎత్తితే, అప్పుడు నవ్వే గట్టు ఇంకా పెద్దది. పైగా అలా కట్టేసిన గుర్రాలకు అక్కడే అటూ ఇటూ ఊగడం, కర్ర కొరకడం వంటి అలవాట్లు పడతాయి. కొనేవాళ్లు వాటిని లోపాలుగా లెక్కేస్తారు. ఇక మీసాల సంగతి. మూతి చుట్టూ కళ్ల చుట్టూ ఉండే ఆ గట్టి వెంట్రుకలతోనే గుర్రం దగ్గరున్న వస్తువును తెలుసుకుంటుంది, ఎందుకంటే తన మూతి కింద ఏముందో దానికి కనిపించదు. జర్మనీలో వాటిని గొరగడం చాలా ఏళ్లుగా నిషేధం. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య కూడా, వైద్యుడు అవసరమని తీసినప్పుడు తప్ప, ఆ వెంట్రుకలు కత్తిరించిన గుర్రాలను 2021 జూలై 1 నుంచి తన పోటీల్లోకి రానివ్వడం లేదు. కాబట్టి ఆ హ్యాండ్లర్ గారు చెబుతున్నది పాతకాలపు ఫ్యాషన్. అది తెలియని మనిషికి మిగతావి ఎంత తెలుసో అడిగి చూడడంలో తప్పు లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీరే మళ్లీ చూపించవచ్చు. పైన చెప్పిన అభ్యాసం రోజూ చేయగలిగితే, పరిగెత్తగలిగితే. ఇందులో లాభం, పోనీ మీ చేతిని నమ్ముతుంది. నష్టం, మీ టెన్షన్ పగ్గం వెంట దానికి చేరుతుంది. మొదటిసారి జరిగినది మీ ఇద్దరికీ గుర్తుంటుంది. ఈ దారి ఎంచుకుంటే పెద్ద పోటీ కన్నా ముందు ఏదైనా చిన్నదానికి తీసుకెళ్లండి, కనీసం పోటీలో దిగకుండా మైక్ చప్పుడు, జెండాలు, జనం చూపించి తీసుకురండి. మళ్లీ చివరి స్థానమే రావచ్చు. అది వచ్చినా ట్రాట్ చూపించి వస్తే మీరు గెలిచినట్టే లెక్క అని అన్నయ్యతో ముందే ఒప్పందం చేసుకోండి, తర్వాత చెబితే అది సాకులా వినిపిస్తుంది.

రింగ్ వరకు వేరేవాళ్లకు ఇవ్వవచ్చు. ఇది ఓటమి కాదు. మంచి హ్యాండ్లర్ చేతిలో మీ పోనీ ఎలా కదులుతుందో గట్టు మీద నిలబడి చూడటం మీకు కూడా ఒక పాఠమే. పగ్గం పట్టుకుని పరిగెత్తేవాళ్లకు తమ గుర్రం నడక ఎప్పటికీ కనిపించదు. కానీ రింగ్ కోసం ఇవ్వడం వేరు, రెండు నెలలు ఇంటి నుంచి పంపేయడం వేరు. హ్యాండ్లర్ వారానికి ఒకటి రెండు సార్లు మీ దగ్గరికే వచ్చి నేర్పవచ్చు, మీరూ పక్కన ఉండి నేర్చుకోవచ్చు. ‘పోనీ రోజూ బయట తిరగాలి, స్కోరు దాటి మేపకూడదు, వెంట్రుకలు గొరగకూడదు, ఎప్పుడైనా వచ్చి చూసే హక్కు నాకుంటుంది’ అని కాగితం మీద రాయించుకోండి. ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు అన్న మాటకు ఆయన మొహమాటపడితే మీకు జవాబు దొరికినట్టే. ఇప్పుడు పేరు చెబుతున్న ఆయనకే ఇవ్వాలని లేదు. ఒక షోకు ఊరికే చూడటానికి వెళ్లి, ఎవరి గుర్రాలు వదులు పగ్గంతో, చెవులు ముందుకు పెట్టుకుని ఠీవిగా నడుస్తున్నాయో గమనించండి. వాళ్లను అడగండి.

మీ అన్నయ్యే పట్టుకోవచ్చు కూడా. మీరు ఈ సంగతే రాయలేదు. ఆయన కొన్నాళ్లు రోజూ పొద్దున్నే వచ్చి దానితో ట్రాట్ చేయించి చూస్తే, ఆ రోజు మీరు రింగ్‌లో పడ్డ కష్టం ఎంతో తెలుస్తుంది. బాగా చేస్తే మంచిదే. చేయలేకపోతే మాటలు కాస్త తగ్గుతాయి. ఇందులో చిక్కు ఒకటే, ఇద్దరు రెండు రకాలుగా నేర్పితే పోనీ తికమక పడుతుంది. మాటలూ సైగలూ ఒకటే అయి ఉండాలి.

ఈ పోటీ వదిలేసి తర్వాతి సీజన్‌కు వెళ్లడం కూడా దారే. మూడేళ్ల పోనీకి ఇది ఏమంత ఆలస్యం కాదు. కానీ మీరు భయంతో వదిలేస్తున్నారా, పోనీ కోసం వదిలేస్తున్నారా అన్నది మీకే తెలియాలి. భయంతో అయితే వచ్చే సీజన్‌లో ఆ భయం కొంచెం పెద్దదై ఎదురొస్తుంది.

నేనైతే రెండో దారి వైపే మొగ్గుతాను, షరతులు రాసుకుని, మీరు అభ్యాసం ఆపకుండా. పైన చెప్పిన షరతుల్లో ఒక్కదానికి కాదన్నా మొదటి దారికి వచ్చేస్తాను. మీ ఇంటి సంగతి మీకు తెలుసు, నాకు తెలియదు.

అమ్మకం గురించి అన్నయ్యను అడగండి. కోపంగా ఉన్నప్పుడు కాదు, పోటీ మాట వచ్చినప్పుడూ కాదు. ‘గెలిచినా ఓడినా దీన్ని ఏం చేద్దాం అన్నయ్యా?’ అని విడిగా. ఆయనకు అమ్మాలనే ఉంటే, ఆయన సగం మీరు కొనుక్కోగలరా, ఎంత గడువు కావాలి అన్నది మీరు లెక్క వేసుకోవాలి. కొనలేకపోతే, ఎవరికి అమ్మాలన్నదాంట్లోనైనా మీ మాట ఉండాలని ఇప్పుడే అడగవచ్చు. ఆయనకు ఆ ఆలోచనే లేకపోవచ్చు కూడా. ఖర్చులన్నీ తను పెడుతుంటే పేరు మీకు వస్తోందన్న బాధ ఉండి, అది ‘హ్యాండ్లర్‌కు ఇద్దాం’ అన్న రూపంలో బయటపడుతూ ఉండవచ్చు. మీ ఉత్తరంలో ఆయన పెట్టిన డబ్బు గురించి ఒక్క ముక్కే ఉంది. ఆయనతో ఆ సంగతి మీరు ఎప్పుడైనా నోరు తెరిచి అన్నారా?

అన్నిటికన్నా ముందు, ఈ వారంలోనే పశువైద్యుణ్ణి పిలిపించండి. స్కోరు వేయించండి, గిట్టలు చూపించండి, రోజుకు ఎంత దాణా పెట్టాలో రాయించుకోండి. మీ అన్నయ్య ఇంట్లో ఉండే రోజు చూసి పిలవండి. పగ్గం ఆయన చేతికే ఇచ్చి, వైద్యుడు తడిమి చూసేంతసేపు పోనీని ఆయన్నే పట్టుకోమనండి.